కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు ఏ లైనక్స్? మింట్ వేసుకో, ఆర్నెల్లు మార్చకు

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు దాన్ని నాలుగు ముక్కల్లో పెడతాను. బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడు. కాలేజీలో సీ చెప్తున్నారు, సొంతంగా పైథాన్ నేర్చుకుంటున్నావు. లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. లైనక్స్ వేసుకోమని సీనియర్ చెప్పాడు. ఏ లైనక్స్ అంటే రూమ్మేట్ కాలీ అంటాడు, క్లాస్ టాపర్ ఆర్చ్ అంటాడు, యూట్యూబ్ నిండా ఉబుంటూ. నాన్న కొనిచ్చిన లాప్‌టాప్‌లో ఉన్న విండోస్ కాస్తా పోతుందేమోనని టెన్షన్.

లైనక్స్ మింట్, అందులో సిన్నమన్ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ వేసుకో. విండోస్ తీసెయ్యకు, పక్కనే ఉండనివ్వు. వేశాక ఆర్నెల్ల దాకా ఇంకో డిస్ట్రో పేరెత్తకు. తొందరలో ఉంటే ఇంతవరకు చదివి డౌన్‌లోడ్ మొదలుపెట్టు, కానీ ఇన్‌స్టాల్ చేసే ముందు మాత్రం మళ్లీ వచ్చి మిగతాది చదువు. అసలు ప్రమాదం అక్కడుంది.

కమాండ్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే కొట్టాలి.

నేను లైనక్స్ సర్వర్లు చూసుకునే పనిలో పదిహేనేళ్లకు పైగా ఉన్నాను. మొదటిసారి పట్టుకున్నది 2007లో, ఉబుంటూవాళ్లు అడిగినవాళ్లందరికీ పోస్టులో ఉచితంగా సీడీ పంపే రోజుల్లో. పోస్ట్‌మాన్ ఆ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫారిన్ నుంచి వచ్చిందండీ" అని మా నాన్న చేతిలో పెట్టాడు. ఆ సీడీతో నేను చేసిన ఘనకార్యం కింద చెప్తాను.

ముందు డిస్ట్రో అంటే ఏంటో తేల్చుకుందాం, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ యూనివర్సిటీలో చదువుకుంటూ మొదలుపెట్టింది కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య ఉండే గుండెకాయ, ఒక్కటే. దాని చుట్టూ డెస్క్‌టాప్, ఇన్‌స్టాలర్, సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజర్, వాల్‌పేపర్‌తో సహా అన్నీ పేర్చి ఒక మూటగా కట్టి ఇస్తే అదే డిస్ట్రిబ్యూషన్. మూట కట్టినవాళ్లు వేరు గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. జీసీసీ కంపైలర్ ఎక్కడైనా జీసీసీయే, ప్రోగ్రాంలో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ ఎక్కడైనా గిట్టే. మింట్‌లో నువ్వు రాసిన పైథాన్ ప్రోగ్రాం ఆర్చ్‌లో వేగంగా నడవదు, కాలీలో రాస్తే నీకు హ్యాకింగ్ రాదు.

మరి ఎంచుకోవడానికి కొలబద్ద ఏంటి? నాకు ఒకటే ఉంది. ఎర్రర్ వచ్చినప్పుడు ఆ లైన్ కాపీ చేసి గూగుల్‌లో వేస్తే, పైన కనిపించిన పరిష్కారం నీ మెషీన్‌లో ఉన్నదున్నట్టు పనిచెయ్యాలి. కొత్తగా నేర్చుకునేవాడికి తప్పు తన ప్రోగ్రాంలో ఉందా, కంపైలర్‌లో ఉందా, సిస్టమ్‌లో ఉందా అన్నది తెలియదు. రాత్రి పదకొండింటికి ఒక లైబ్రరీ ఎక్కట్లేదనుకో. దొరికిన జవాబు వేరే డిస్ట్రోది అయితే, దాన్ని నీ డిస్ట్రోకు అనువదించుకోవడం ఇంకో పని. మాలాంటివాళ్లకు అది అలవాటు, నీకు అదే తల ప్రాణం తోకకొచ్చే పని.

ఈ లెక్కన ఉబుంటూ కుటుంబానికి సాటి లేదు. 1993లో డెబియన్, దాని మీద 2004లో ఉబుంటూ, ఉబుంటూ మీద 2006లో మింట్. మూడింటిలోనూ సాఫ్ట్‌వేర్ వేసే కమాండ్ ఆప్ట్, ప్యాకేజీలు డెబ్ ఫైళ్లు. ఏ టూల్ వెబ్‌సైట్‌కు వెళ్లినా లైనక్స్ అనే చోట మొదట కనిపించేది ఉబుంటూ సూచనలే. రేపు ఉద్యోగంలో క్లౌడ్ సర్వర్ తెరిస్తే అక్కడ ఉబుంటూ ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ప్రోగ్రాంను దానికి కావలసినవాటితో సహా ఒక డబ్బాలో పెట్టి నడిపే డాకర్‌లో పైథాన్ ఇమేజ్ దించుకుంటే లోపల ఉండేది మామూలుగా డెబియనే. ఇప్పుడు నేర్చుకున్న కమాండ్లు అక్కడా పనికొస్తాయి.

అలాంటప్పుడు నేరుగా ఉబుంటూయే వేసుకోవచ్చుగా? వేసుకోవచ్చు, తప్పేం లేదు. నేను మింట్ అనడానికి కారణాలు చిన్నవే, కానీ రోజూ తగిలేవి. మింట్ సిన్నమన్‌లో మెనూ కింద ఎడమ మూల, గడియారం కుడి మూల, కిటికీలకు మూడు బటన్లు. విండోస్ వాడిన చెయ్యి వెతుక్కోనక్కర్లేదు. ఉబుంటూ డెస్క్‌టాప్ బాగుంటుంది గానీ పద్ధతి వేరు, ఆ వారం రోజులు నువ్వు సీ మీద పెట్టడం మేలు. ఇంకోటి, ఉబుంటూ తన సొంత స్నాప్ ప్యాకేజీలను ముందుకు తోస్తుంది. ఫైర్‌ఫాక్స్ కూడా అందులో స్నాపే. మామూలు డెబ్‌కు, స్నాప్‌కు తేడా ఏంటో, ఈ అప్లికేషన్‌కు ఫలానా ఫోల్డర్ ఎందుకు కనపడట్లేదో కొత్తలో అర్థం కాదు. మింట్ వాళ్లు స్నాప్‌ను పక్కన పెట్టేశారు. ఇక డేటా సంగతి. ఉబుంటూ 24.04 డెస్క్‌టాప్ ఫైల్ దాదాపు 6 జీబీ, మింట్ 22 అందులో సగం. హాస్టల్‌లో రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద బతికేవాడికి ఇది చిన్న సంగతేం కాదు.

ఆ 24.04 ఏంటంటే 2024 ఏప్రిల్‌లో వచ్చిందని. ఉబుంటూ రెండేళ్లకోసారి, సరి సంవత్సరం ఏప్రిల్‌లో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు ఉండేది) అని ఒకటి వదులుతుంది, దానికి ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. మధ్యలో వచ్చేవాటికి తొమ్మిది నెలలే. మింట్ ప్రధాన ఎడిషన్ ఎప్పుడూ ఎల్‌టీఎస్ మీదే కడతారు. మింట్ 22 కట్టింది 24.04 మీద, 2029 దాకా నడుస్తుంది. నీ డిగ్రీ, పైన పీజీ చేసినా అది కూడా, అయిపోతాయి.

మింట్‌లో లోపం లేదా అంటే ఉంది. ఇది ముందే తెలిస్తే ఒక సాయంత్రం మిగులుతుంది. ప్రతి విడుదలకూ ఒక కోడ్‌నేమ్ ఉంటుంది. ఉబుంటూ 24.04ది నోబుల్, మింట్ 22ది విల్మా. డాకర్ లాంటివి వేసేటప్పుడు కొన్ని పాత సూచనలు నీ సిస్టమ్ కోడ్‌నేమ్ అడిగి, ఆ పేరుతో సర్వర్‌లో ఫోల్డర్ వెతుకుతాయి. నీ మింట్ విల్మా అని జవాబిస్తుంది. సర్వర్‌లో విల్మా అని ఏమీ ఉండదు, 404 ఎర్రర్. తప్పు నీది కాదు, ఆ లైన్‌లో విల్మా ఉన్నచోట నోబుల్ అని పెడితే పని అయిపోతుంది. మింట్ 22 తర్వాతి చిన్న విడుదలలకు షియా, జారా అని వేరే పేర్లున్నా కింద ఉన్నది నోబులే.

ఇప్పుడు మీ రూమ్మేట్ కాలీ. కాలీ మంచిదే, కానీ అది సెక్యూరిటీ పరీక్షలు చేసేవాళ్ల పనిముట్ల పెట్టె. 2013లో బ్యాక్‌ట్రాక్ స్థానంలో వచ్చింది. లైనక్స్‌కు కొత్తవాళ్లకు ఇది తగదని కాలీ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసుంది. మీ రూమ్మేట్ అది చదవలేదని పందెం కాస్తాను. వాల్‌పేపర్ మీద డ్రాగన్ ఉందని డిస్ట్రో ఎంచుకోవడం, సైలెన్సర్ మోత చూసి బండి కొనడం లాంటిది. రేపు సెక్యూరిటీ మీద మనసైతే, మింట్‌లోనే వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిపే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, కాలీ వేసుకో, పాడైనా తీసి పారెయ్యొచ్చు.

ఆర్చ్ సంగతి వేరు. దాంట్లో ప్రతిదీ నువ్వే కట్టుకోవాలి, అందుకే అది వాడేవాళ్లకు దాని మీద అంత ప్రేమ. అప్‌డేట్లు ఆగకుండా వస్తుంటాయి, ఎప్పుడో ఒక మంగళవారం ఉదయం ల్యాబ్ పరీక్ష ముందు డెస్క్‌టాప్ రాదు. టాపర్‌కు ఓపికుంది, వాడనివ్వు. అయితే ఆర్చ్ వికీ మాత్రం మింట్‌లో ఉన్నవాడు కూడా చదవాల్సిందే, అంత శ్రద్ధగా రాసినది ఇంకోటి నేను చూడలేదు.

ఫెడోరా నాకు ఇష్టం. కంపైలర్లు తాజాగా ఉంటాయి, లినస్ టోర్వాల్డ్స్ కూడా అదే వాడతాడు. ఒక్కో విడుదలకు పదమూడు నెలలే మద్దతు, వీడియో కోడెక్‌లు విడిగా తెచ్చుకోవాలి, ఆప్ట్ బదులు డీఎన్ఎఫ్. రెండో లైనక్స్‌గా చాలా బాగుంటుంది. డెబియన్ గట్టిది, సర్వర్‌కు నేను పెట్టేది అదే. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల బాస్ లైనక్స్ మన దేశంలో తయారైంది, అదీ డెబియన్ మీదే. కానీ నా కొలబద్ద మీద నిలవదు, దాని ఎర్రర్లు గూగుల్‌లో వేస్తే జవాబిచ్చేవాళ్లు తక్కువ. డిస్ట్రోవాచ్‌లో ఫలానాది మొదటి స్థానంలో ఉందని ఎవరైనా అంటే, అది ఆ సైట్‌లో ఆ పేజీని ఎంతమంది తెరిచారన్న లెక్క మాత్రమే, వాడుతున్నవాళ్ల లెక్క కాదు.

4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ అయితే మింట్‌లోనే ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోవాలి. నీకు అవసరం లేదు.

అసలు ఇన్‌స్టాల్ చెయ్యకుండా విండోస్ లోపలే లైనక్స్ నడుపుకునే దారి ఒకటుంది, డబ్ల్యూఎస్ఎల్. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూఎస్ఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి ఇన్‌స్టాల్ అంటే ఉబుంటూ వచ్చేస్తుంది. లాప్‌టాప్ నీది కాకపోయినా, ఇంట్లో అందరూ వాడేదైనా ఇదే సరైనది. నీ ప్రోగ్రాములు మాత్రం సీ డ్రైవ్‌లో కాక లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి, లేదంటే నత్తనడక. నేను నీకు పూర్తి ఇన్‌స్టాల్ చెప్పడానికి కారణం, డబ్ల్యూఎస్ఎల్‌లో పక్కనే విండోస్ ఉంటుంది కాబట్టి కష్టమనిపించగానే అటు గెంతేస్తాం. రోజంతా లైనక్స్‌లోనే కూర్చుంటే ఫైళ్లు ఎక్కడుంటాయి, పర్మిషన్లు ఏంటి అన్నవి వాటంతటవే ఒంటబడతాయి. విండోస్ ఎందుకు ఉంచుకోమన్నానంటే, ప్లేస్‌మెంట్ల ఆన్‌లైన్ పరీక్షలకు పెట్టే లాక్‌డౌన్ బ్రౌజర్లు చాలావరకు లైనక్స్‌లో నడవవు. పరీక్ష రోజు ఉదయం ఆ సంగతి తెలుసుకున్నవాళ్లను చూశాను.

ఇక నా ఘనకార్యం. 2007, ఇంట్లో ఒకటే డెస్క్‌టాప్, 80 జీబీ హార్డ్‌డిస్క్, అందులో సీ, డీ, ఈ. డీ డ్రైవ్ ఖాళీ చేసి ఉబుంటూ సీడీ పెట్టాను. ఇన్‌స్టాలర్ "మొత్తం డిస్క్ వాడుకోనా" అని అడిగింది. మొత్తం డీ డ్రైవ్ అనుకున్నాను. డిస్క్ వేరు, దాన్ని పంచుకున్న పార్టిషన్ వేరు అని అప్పటికి ఎవరు చెప్పారు కనక! పది నిమిషాల్లో సీ లేదు, ఈ లేదు. ఈ డ్రైవ్‌లో అక్క పెళ్లి ఫోటోలు. పెళ్లివి స్టూడియో ఆయన మళ్లీ సీడీలో రాసిచ్చాడు గానీ, మావయ్య తన కెమెరాతో తీసిన నిశ్చితార్థం ఫోటోలు పోయినట్టే. సంక్రాంతికి వచ్చినప్పుడల్లా అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

కాబట్టి నీకు ముఖ్యమైనవన్నీ ముందు ఒక బయటి డ్రైవ్‌లోకి. ఆ తర్వాతే మిగతాది.

విండోస్ 11 లాప్‌టాపుల్లో చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ నీకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ అని వెతుకు. ఆన్‌లో ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి తీసి కాగితం మీద రాసుకో, ఆ తర్వాత ఆఫ్ చెయ్యి. ఆఫ్ కావడానికి గంటసేపు పట్టినా పట్టొచ్చు, చార్జర్ పెట్టి వదిలెయ్యి. ఇది చెయ్యకుండా మొదలుపెడితే లైనక్స్ ఇన్‌స్టాలర్ పక్కన వేసుకోనివ్వదు, లేదా విండోస్ ఎక్కేటప్పుడు నీలం తెర మీద ఆ 48 అంకెలు అడుగుతుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యి. అది ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లైనక్స్‌లోంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. సీ డ్రైవ్‌ను కుదించే పని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చెయ్యి. 512లో 100 జీబీ నీకు దండిగా సరిపోతుంది. తీసిన చోటును ఖాళీగానే వదిలెయ్యి, డ్రైవ్ అక్షరం ఏదీ ఇవ్వకు.

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, దించిన మింట్ ఫైల్‌ను దాని మీదకు బూట్ అయ్యేలా రాసే రూఫస్ ప్రోగ్రాం ఒకటి కావాలి. మింట్ ఫైల్‌ను మింట్ సొంత సైట్ నుంచే దించుకో, దించాక చెక్‌సమ్ (ఫైల్ మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి అంకె) చూడు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌నే ఎవరో హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకును వెనకదారి పెట్టిన నకిలీ ఫైల్ వైపు మళ్లించారు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఉంది, దానికి హ్యాష్‌ఫైల్ అని ఆప్షన్ ఇచ్చి ఫైల్ పేరు, ఎస్‌హెచ్ఏ256 అని చెప్తే పొడుగాటి అంకె ఇస్తుంది. సైట్‌లో ఉన్నదానితో సరిపోవాలి. డౌన్‌లోడ్ మధ్యలో తెగి పాడైన ఫైల్ కూడా ఇక్కడే దొరికిపోతుంది, మన నెట్‌లతో అసలు ఉపయోగం అది.

ఫైల్‌ను రూఫస్‌తో పెన్‌డ్రైవ్ మీదకు రాశాక, లాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే మింట్ ఇన్‌స్టాల్ కాకుండానే పూర్తిగా తెరుచుకుంటుంది. ఇక్కడ తొందరపడకు. అరగంట కూర్చో. వైఫై పట్టిందా, పాట వినిపిస్తోందా, వెలుతురు తగ్గించే కీలు పనిచేస్తున్నాయా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా. వైఫై రాకపోతే బెంబేలు పడకు, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, దాంతో డ్రైవర్ మేనేజర్ కావలసింది తెచ్చుకుంటుంది.

ఇన్‌స్టాలర్‌లో ఒకే ఒక్క తెర దగ్గర ఊపిరి బిగబట్టాలి. "విండోస్ పక్కన వేయి" అన్నది నీది. "డిస్క్ తుడిచేసి వేయి" అన్నది 2007 నాటి నాది. పక్కన వేసే ఎంపిక అసలు కనిపించకపోతేనో, డిస్కే కనిపించకపోతేనో అక్కడే ఆపి వెనక్కి వచ్చెయ్యి. కొన్ని లాప్‌టాపుల్లో బయాస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల్లో) స్టోరేజ్ ఆర్ఎస్‌టీ అనే ఇంటెల్ మోడ్‌లో ఉంటే ఇలా అవుతుంది. దాన్ని తొందరపడి మారిస్తే విండోస్ లేవదు, దానికో వరస ఉంది. అప్పుడు అడుగు, చెప్తాను.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉంటే ఇంకో చిన్న మెలిక. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను లేవనివ్వని కాపలా) ఆన్‌లో ఉండగా ఆ డ్రైవర్ వేస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాతి రీస్టార్ట్‌లో నీలం తెర మీద ఎన్‌రోల్ ఎంఓకే అని వస్తుంది, పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కి అది ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది అదేదో ఎర్రర్ అనుకుని వదిలేస్తారు, ఆ తర్వాత డ్రైవర్ పనిచెయ్యలేదని మింట్‌ను తిడతారు.

అన్నీ సవ్యంగా అయ్యాక ఒకరోజు విండోస్ తెరుస్తావు, ఉదయం తొమ్మిదైతే గడియారం మూడున్నర చూపిస్తుంది. పాడైపోయిందని కంగారు పడకు. మదర్‌బోర్డు మీది గడియారంలో లైనక్స్ గ్రీనిచ్ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే ఇక్కడి సమయం అనుకుంటుంది. మనకూ గ్రీనిచ్‌కూ ఉన్న ఐదున్నర గంటల తేడా అది. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌కు సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని చెప్తే ఇద్దరూ రాజీ పడతారు.

వేసిన రోజే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం తెరిచి ఒక స్నాప్‌షాట్, అంటే సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి ఒక నకలు, తీసుకో. మింట్‌లో ముందే ఉంటుంది. దాని విలువ ఒక జూనియర్ వల్ల తెలిసింది. సిస్టమ్‌లో పైథాన్ పాతదిగా ఉంది, తీసేసి కొత్తది వేద్దామనుకున్నాడు. సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3 అని కొట్టాడు (సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని). తీసెయ్యబోయే ప్యాకేజీల జాబితా కొండవీటి చాంతాడంత వచ్చింది, చివర్లో అవునా కాదా అని అడిగింది. చదవకుండా వై కొట్టి టీకి వెళ్లాడు. వచ్చి రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద లాగిన్ అని ఒకే ఒక్క మాట. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్, సాఫ్ట్‌వేర్ మేనేజర్ రాసింది పైథాన్‌లోనే. ఆ పైథాన్ మీద ఆధారపడ్డవన్నీ, డెస్క్‌టాప్‌తో సహా, కట్టకట్టుకుని పోయాయి. ముందురోజు స్నాప్‌షాట్ ఉంది కాబట్టి పెన్‌డ్రైవ్‌తో లేపి, అందులోంచే టైమ్‌షిఫ్ట్ తెరిచి ఇరవై నిమిషాల్లో వెనక్కి తెచ్చాం. కానీ టైమ్‌షిఫ్ట్ మామూలుగా సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, నీ హోమ్ ఫోల్డర్‌ను కాదు. నీ ప్రోగ్రాములకు గిట్ నేర్చుకుని గిట్‌హబ్‌లో పెట్టుకోవాలి.

ఇదే కారణంగా నీకు మొదటివారంలోనే తగిలే దెబ్బ ఒకటుంది. పైథాన్ లైబ్రరీలు తెచ్చిపెట్టే పిప్‌తో, పిప్ ఇన్‌స్టాల్ అని ఏదో లైబ్రరీ వెయ్యబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని అడ్డం పడుతుంది. ఈ పైథాన్ సిస్టమ్‌ది, ఇందులో నీ వంట వండకు అని దాని అర్థం. నెట్‌లో వెతికితే బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అని ఒక ఆప్షన్ తగిలించమని సలహా దొరుకుతుంది. సిస్టమ్ ప్యాకేజీలు విరగ్గొట్టు అని పేరులోనే ఉంది, పేరు పెట్టినవాళ్లు అంతకన్నా ఏం హెచ్చరిస్తారు! సరైన పద్ధతి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ ఆప్ట్‌తో ఒకసారి వేసుకో. ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి పైథాన్3 హైఫన్ ఎమ్ వెన్వ్, తర్వాత ఫోల్డర్‌కు ఒక పేరు. ఆ ఫోల్డర్‌లో బిన్ లోపల ఉన్న యాక్టివేట్‌ను సోర్స్ కమాండ్‌తో నడిపితే, ఇక పిప్ వేసేవన్నీ ఆ ఫోల్డర్‌లోనే పడతాయి. పాడైతే ఫోల్డర్ తుడిచెయ్యి, సిస్టమ్‌కు ఏం కాదు. ఇంకోటి, ఇక్కడ పైథాన్ అని కొడితే కమాండ్ దొరకలేదంటుంది, పైథాన్3 అనాలి.

సీ విషయానికొస్తే, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ అంటే జీసీసీ, మేక్ అన్నీ వచ్చేస్తాయి. మీ కాలేజీలో ఇంకా నీలం తెర టర్బో సీ వాడుతున్నారో లేదో నువ్వు రాయలేదు. వాడుతుంటే ఇక్కడ కొన్ని షాకులున్నాయి. కోనియో డాట్ హెచ్ లేదంటుంది, ఎందుకంటే అది డాస్ కాలపు సరుకు. క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ లైన్లు తీసెయ్యి, టెర్మినల్‌లో వాటి అవసరమే లేదు. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాయి. టర్బోలో ఇంట్ అంటే రెండు బైట్లు, ఇక్కడ నాలుగు. 300ని 300తో గుణించి ఇంట్‌లో పెట్టి చూడు. టర్బోలో 24464 వస్తుంది, జీసీసీలో 90000 వస్తుంది. 90000లోంచి 65536 తీసేస్తే ఎంతో లెక్కేసుకో, ఓవర్‌ఫ్లో పాఠం మొత్తం అందులో ఉంది.

కంపైల్ చేశాక ఏ డాట్ అవుట్ అని ఫైల్ వస్తుంది. దాని పేరు కొడితే కమాండ్ దొరకలేదంటుంది. ఫైల్ ఎదురుగా ఉన్నా సరే. లైనక్స్ నువ్వున్న ఫోల్డర్‌లో ప్రోగ్రాములు వెతకదు, ముందు చుక్క, ముందుకు వాలిన గీత పెట్టి "ఇక్కడిదే" అని చెప్పాలి. పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. ఇంగ్లిష్‌లో మెయిన్ అన్న పేరును ఒకచోట పెద్ద ఎమ్‌తో, ఇంకోచోట చిన్న ఎమ్‌తో రాస్తే అవి రెండు ఫైళ్లు. విండోస్‌లో చక్కగా కనిపించిన వెబ్‌సైట్ బొమ్మలు సర్వర్‌లో పెట్టగానే మాయం కావడానికి నేను చూసిన కారణాల్లో సగం ఇదే.

ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌ను దాని సైట్ నుంచి డెబ్ ఫైల్‌గా దించి డబుల్ క్లిక్ చెయ్యి, చాలు.

తెలుగులో రాసుకుంటానన్నావు కదా. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్లలో తెలుగు ఉంది, ఇన్‌స్క్రిప్ట్ కాక సరళ అని ఇంకోటి కూడా ఉంది, రెండూ చూడు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లాంటి వాళ్లు లైనక్స్‌లో తెలుగు కోసం చాలా కష్టపడ్డారు, మెనూలు కూడా చాలావరకు తెలుగులో పెట్టుకోవచ్చు. ఎర్రర్లు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వు, గూగుల్‌లో వెయ్యాలి కదా. బ్రౌజర్‌లో, ఎడిటర్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది గానీ టెర్మినల్‌లో వత్తులు విడివిడిగా పడతాయి, నీ ఫాంటు తప్పు కాదు. పైథాన్‌లో 'తెలుగు' అన్న మాట పొడవు అడిగితే మూడు కాదు, ఆరు అంటుంది. గుణింతాల గుర్తులను విడిగా లెక్కపెడుతుంది. దాని మీద ఒక చిన్న ప్రోగ్రాం రాసి చూడు, స్ట్రింగ్స్ గురించి చాలా తెలుస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది: ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరను ఫోటో తీసి, లాప్‌టాప్ మోడల్ పేరుతో సహా కింద పెట్టు. సీ డ్రైవ్ ఎంత కుదించాలో, ఆర్ఎస్‌టీ గొడవ ఉందో లేదో చూసి చెప్తాను. శనివారం దాకా ఆగితే నేను ఖాళీగా ఉంటాను, ఇన్‌స్టాలర్ తెర దగ్గర ఏదైనా అనుమానం వస్తే వెంటనే అడగొచ్చు.